మల్లూరు గుట్టకు రెండోసారి

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి
అరిగినయి, అన్నడు.
ముప్పై ఏండ్లు మగ్గం గుంతల కాళ్లు వెట్టి
జంపఖానాలు నేసినోని మోకాళ్లు
అరగక ఏం జేస్తయి.
మాత్రలు రాసిండు, మెట్లెక్కొద్దన్నడు.
మా ఓదెలు చీటీ మడిచి జేబుల వెట్టుకొని
మల్లూరు పోదాం, అన్నడు.
అక్కడ ఎన్ని మెట్లున్నయో
ఇద్దరికీ తెలుసు.

తెల్లారకముందే కొత్తవాడ దాటినం.
సరుకు మోసే ట్రాలీ మాదే.
వెనుక తాళ్లు, అమ్ముడువోని రెండు జంపఖానాలు,
నీళ్లకని మూడు ఖాళీ డబ్బాలు.
గుంత గుంతకూ డబ్బాలు ఒకదాన్నొకటి తన్నుకొని
ముంగట కూసున్న మాకంటె
ఎక్కువ మాట్లాడినయి.

గట్టమ్మ కాడ ఆగి కొబ్బరికాయ కొట్టినం.
ఒక చిప్ప తల్లికి, ఒక చిప్ప స్టీరింగు పక్కన.
అది అటు జారి ఇటు జారి
ఏ మలుపు ఎంత వంకరో చెప్పుకుంట వచ్చింది.
పస్రాల చాయ తాగినం. చక్కెర ఎక్కువైందని
సగం నాకిచ్చిండు.

తాడ్వాయి అడవిల ఫోను మూగవోయింది.
ఇప్పపూల వాసన కిటికీల నుంచి వచ్చి
నా ఒడిల కూసున్నది.
ఇంత పెద్ద అడవి
ఆనాడు నేను చూడనే లేదు.
ఇరవై రెండేండ్ల కింద, బస్సుల,
చందనం కోసం తెచ్చుకున్న ఖాళీ గిన్నె
రెండు చేతుల పట్టుకొని
దాని అడుగునే చూసుకుంట కూసున్న.
స్వామి బొడ్డు కాడి చందనం తింటె
కడుపు పండుతదని అందరన్నరు.
అందరూ అన్నది నిజమే కావచ్చు,
అందరికీ.

మంగపేట దగ్గర మిర్చి కల్లాలు.
భూమి మీద ఎర్ర జంపఖానా పరిచినట్టున్నది,
అంచు సక్కగ రాలేదు, అన్నడు మావోడు
దగ్గుకుంటనే.

గుట్ట మీద నేను మెట్లు లెక్కవెట్టలే,
ఆయన ఆగినవి లెక్కవెట్టిన.
ఆగినప్పుడల్లా ఏదో చూపెడతడు:
అగో ఉడుత, అగో ఎవరిదో చెప్పు,
అగో గోదారి కావచ్చు.
గోదారి కాదు. ఎండ.

గుడిల పూజారి
కొత్త పెండ్లిపిల్ల చేతిల చందనం పెట్టిండు.
నా తల నెరుపు చూసి
తులసి తీర్థం పోసిండు.
నాకేం కాలే.
అంటే, కొంచెమే అయింది.

చింతామణి కాడ లైను.
చెట్ల వేర్ల సందుల నుంచి
గుట్ట చెమట లెక్క నీళ్లు.
కాకతీయుల రాణి తాగిన నీళ్లని ఒకామె,
తాగుడు కాదు, తానం జేసిందని ఇంకొకామె,
కొట్లాటకు దిగినరు.
నేను చెంబు నింపి
ఆయన ధోతి పైకి మడిచి
మోకాళ్ల మీద పోసిన.
ఎట్లున్నయి?
చల్లగున్నయి.

అప్పుడడిగిండు,
ఆనాడు నేనేం మొక్కిన్నో తెలుసా అని.
ఇరవై రెండేండ్లల్ల నేను అడగని మాట.
చెంబు చేతిల ఆగింది.
ఆఖరి బస్సు దొరకాలె స్వామీ, అని మొక్కిన.

ఆ బస్సు దొరకలే.
ఏటూరునాగారం బస్టాండుల
ఆయన తువ్వాల పరిచి పండుకున్నం,
ఒక బన్ను ఇద్దరం తిన్నం,
తెల్లారేదాక దోమలు కొట్టుకుంట
ఎవల చెంపల మీద ఎవలు కొట్టినమో.

నవ్వు ఆగలే నాకు.
లైనుల వెనుకామె, నీళ్లు పడుతవా
జరుగుతవా, అన్నది.

తిరుగు తొవ్వల ఒక డబ్బా మూత వదులై
ఒక జంపఖానా నానింది.
ఎట్లయినా అమ్ముడువోయేది కాదు, అన్నడు.
బస్టాండు ముంగట బండి ఆపిండు.
ఆ బల్ల లేదు, బన్ను ఉన్నది.
రెండు ముక్కలు జేసి
పెద్దది, అప్పటిలెక్కనే,
తనే తీసుకున్నడు.